బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్‌కి సున్నా ఎందుకు రాదు?

ప్రశ్న: మాస్టారండీ, నమస్కారమండి. మాది మొగల్తూరు దగ్గర ఊరు. పదో తరగతి అవగానే పెళ్లయిపోయింది. ఇప్పుడు పిల్లలు బడికెళ్తున్నారు కదా అని ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కి కట్టాను. మాకు రొయ్యల చెరువులున్నాయండి. కెమిస్ట్రీలో ఆక్సీకరణ సంఖ్యల దగ్గరకొచ్చి ఆగిపోయాను. గైడులో నియమాలన్నీ అప్పజెప్పగలను, కానీ లెక్క ఇస్తే ఏ నియమం ముందు వాడాలో తెలీటం లేదు. ఆక్సిజన్‌కి మైనస్ రెండు అంటారు, హైడ్రోజన్ పెరాక్సైడ్ దగ్గరకొస్తే మైనస్ ఒకటి అంటారు. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్‌కి నాకు సున్నా వచ్చింది. గైడులో చూస్తే ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి అని రెండు జవాబులు ఉన్నాయి. పర్మాంగనేట్‌లో మాంగనీసుకి ప్లస్ ఏడు అంటే దానికి నిజంగా ఏడు ఎలక్ట్రాన్లు పోయాయా? ఇవన్నీ నేర్చుకుని ఏం చేస్తావని మావారు అడుగుతున్నారు. ఆయనకి ఏం చెప్పమంటారు? నా పేరు వెయ్యకండి.

సమాధానం: అమ్మా, బ్లీచింగ్ పౌడర్‌కి మీరు చేసిన లెక్కలో కూడికలో గానీ తీసివేతలో గానీ ఎక్కడా తప్పు లేదు. ఆ ఫార్ములాతో అలా లెక్క వేస్తే సున్నాయే వస్తుంది. అయినా గైడు చెప్పిందే సరైన జవాబు. ఎందుకో కాసేపట్లో చెబుతాను. ముందు ఆ ఏడు ఎలక్ట్రాన్ల సంగతి తేలాలి. అది తేలితే గైడులో నియమాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలుస్తుంది, ఏది ముందో ఏది వెనకో కూడా తెలుస్తుంది.

మాంగనీసుకి ఏడు ఎలక్ట్రాన్లు పోలేదు. పర్మాంగనేట్ అయానులో (అయాను అంటే ఆవేశం ఉన్న కణం) మాంగనీసు చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటాయి. అది వాటితో ఎలక్ట్రాన్లు పంచుకుని బంధాలు కట్టుకుంటుంది. దాని మీద నిజంగా ఉండే ధనావేశం ఏడుకి చాలా తక్కువ. మరి +7 ఏమిటంటే, రసాయనశాస్త్రంలో అందరం కలిసి పెట్టుకున్న ఒక ఒప్పందం ప్రకారం వేసిన లెక్క. రెండు వేర్వేరు మూలకాల మధ్య బంధం ఉంటే, ఆ బంధంలోని ఎలక్ట్రాన్లన్నీ వాటిని ఎక్కువ బలంగా లాక్కునే పరమాణువువేనని రాసెయ్యాలి. ఒకే మూలకానికి చెందిన రెండు పరమాణువులైతే చెరిసగం. రెండు పొలాల మధ్య గట్టు మీద కొబ్బరిచెట్టు ఉందనుకోండి. కాయలు ఇద్దరూ కోసుకుంటారు, కానీ పుస్తకంలో మాత్రం గెలంతా పెద్దరైతు పేరున రాస్తాం. ఇద్దరూ సమానమైతే సగం సగం రాస్తాం. అలా రాశాక, ఒక పరమాణువు విడిగా ఉన్నప్పటికంటే దాని ఖాతాలో ఎన్ని ఎలక్ట్రాన్లు తగ్గితే అంత ప్లస్, ఎన్ని పెరిగితే అంత మైనస్. ఆక్సీకరణ సంఖ్య అంటే ఇంతే. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం ఐయూపీఏసీ 2016లో ఈ నిర్వచనాన్ని సవరించి మళ్లీ ప్రకటించినప్పుడు కూడా సారం ఇదే.

ఎవరి లాగుడు ఎక్కువ అన్నదానికి లైనస్ పౌలింగ్ 1932లో ఒక కొలమానం తయారుచేశాడు. మీ పాఠంలో రుణవిద్యుదాత్మకత అని ఉంటుంది. ఫ్లోరిన్ 4.0, ఆక్సిజన్ 3.5, క్లోరిన్, నైట్రోజన్ చెరి 3.0, కార్బన్, సల్ఫర్ 2.5 చొప్పున, హైడ్రోజన్ 2.1, సోడియం 0.9, పొటాషియం 0.8. ఈ వరుస ఒక్కటీ గుర్తుంచుకోండి. ఇది మాత్రం బట్టీ పట్టినా నేను ఏమీ అనను.

ఇప్పుడు మీ హైడ్రోజన్ పెరాక్సైడ్ చూడండి. అందులో హైడ్రోజన్, ఆక్సిజన్, ఆక్సిజన్, హైడ్రోజన్ ఈ వరుసలో గొలుసుగా ఉంటాయి. ఒక్కో ఆక్సిజన్ తన పక్కనున్న హైడ్రోజన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ తన ఖాతాలో వేసుకుంటుంది. రెండో పక్కన ఉన్నది ఇంకో ఆక్సిజనే, అంటే చెరిసగం, అక్కడ లాభమూ లేదు నష్టమూ లేదు. కాబట్టి −1. నీటిలో అయితే ఆక్సిజన్‌కి రెండు పక్కలా హైడ్రోజన్లే, అందుకే −2. ఆక్సిజన్ రెండుచోట్లా ఒకే పద్ధతిలో నడుచుకుంది, పక్కన ఉన్నవాళ్లు మారారంతే. అదే ఆక్సిజన్ ఫ్లోరిన్‌తో కలిసి ఆక్సిజన్ డైఫ్లోరైడ్ అయితే, ఫ్లోరిన్ తనకన్నా బలమైనది కాబట్టి, తనే ఇచ్చుకుని +2 అవుతుంది. హైడ్రోజన్‌కీ అంతే. సోడియంతో కలిసి సోడియం హైడ్రైడ్ అయినప్పుడు 2.1కి ఎదురుగా 0.9 ఉంది, కాబట్టి హైడ్రోజన్‌కి −1. గైడులో వీటిని "మినహాయింపులు" అని కింద చిన్న అక్షరాల్లో వేస్తారు. నా దృష్టిలో ఇవి మినహాయింపులు కావు. అసలు సూత్రం ఇవే బయటపెడతాయి. పైన పెద్ద అక్షరాల్లో వేసిన "ఆక్సిజన్ −2, హైడ్రోజన్ +1" అనేవి తరచుగా కనిపించే సందర్భాలు మాత్రమే.

ఇక ఏ నియమం ముందు అన్న ప్రశ్న. మీరు ఆగిపోయింది ఇక్కడే, చాలామంది పిల్లలు ఆగేదీ ఇక్కడే. గైడుల్లో నియమాలకు వరుస సంఖ్యలైతే ఉంటాయి గానీ, రెండు నియమాలు కొట్టుకున్నప్పుడు దేని మాట చెల్లుతుందో చెప్పరు. పరమాణువుల మధ్య బంధాలు ఎలా ఉన్నాయో తెలియకుండా ఫార్ములా ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు ఈ క్రమంలో వెళ్లండి. ఫ్లోరిన్ కనిపిస్తే ముందు దానికి −1 వేసెయ్యండి. తరవాత లోహాలు: సోడియం, పొటాషియం లాంటి మొదటి గ్రూపువాటికి +1, కాల్షియం, మెగ్నీషియం, బేరియం లాంటి రెండో గ్రూపువాటికి +2, అల్యూమినియానికి +3. ఆ తరవాత హైడ్రోజన్‌కి +1. ఆ తరవాతే ఆక్సిజన్‌కి −2. మిగిలిన మూలకాన్ని ఎక్స్ అనుకుని మొత్తం కూడండి. తటస్థ అణువైతే సున్నాకి, అయానైతే దాని మీదున్న ఆవేశానికి సమానం చెయ్యండి. ముందున్నవాటికి వేసేసరికే వెనకదాని విలువ తేలిపోతే, వెనకదాని నియమాన్ని పక్కన పెట్టెయ్యాలి. కిటుకు ఇదే.

పొటాషియం సూపర్ ఆక్సైడ్‌లో ఒక పొటాషియం, రెండు ఆక్సిజన్లు. పొటాషియం ముందు: +1. అంటే రెండు ఆక్సిజన్లకూ కలిపి −1, ఒక్కోదానికి −½. ఆక్సిజన్ −2 అన్న మాట ఇక్కడ ఎత్తక్కర్లేదు. బేరియం పెరాక్సైడ్‌లో ఒక బేరియం, రెండు ఆక్సిజన్లు: బేరియం +2, కాబట్టి ఒక్కో ఆక్సిజన్ −1. లిథియం అల్యూమినియం హైడ్రైడ్‌లో లిథియం +1, అల్యూమినియం +3, ఉన్న నాలుగు హైడ్రోజన్లకీ కలిపి −4, ఒక్కోదానికి −1. హైడ్రోజన్ +1 అని తొందరపడి ఉంటే అల్యూమినియానికి −5 వచ్చి కూర్చునేది. అలా అర్థంలేని సంఖ్య వచ్చినప్పుడల్లా క్రమం తప్పామని తెలుసుకోవాలి.

అర్థం ఉందో లేదో చూడటానికి ఒక హద్దు కూడా ఉంది. ఏ మూలకమూ తన బయటి ఎలక్ట్రాన్ల కంటే ఎక్కువ ఇవ్వలేదు. సల్ఫర్‌కి బయట ఆరున్నాయి, కాబట్టి అది +6 దాటదు. అలోహాలైతే ఎనిమిది నింపుకోవడానికి ఎన్ని కావాలో అంతవరకే మైనస్‌కి వెళ్తాయి. సల్ఫర్‌కి −2, నైట్రోజన్‌కి −3, కార్బన్‌కి −4. మాంగనీసుకి బంధాలకి పనికొచ్చేవి ఏడు కాబట్టి పై హద్దు +7, పర్మాంగనేట్‌లో అది ఆ హద్దు దగ్గరే ఉంది. క్రోమియం పెరాక్సైడ్ అని ఒకటుంది, ఒక క్రోమియంకి ఐదు ఆక్సిజన్లు. యాంత్రికంగా లెక్క వేస్తే క్రోమియంకి +10 వస్తుంది. దాని దగ్గర ఇవ్వడానికి ఉన్నవే ఆరు. అంటే ఆ ఐదు ఆక్సిజన్లలో కొన్ని ఒకదానితో ఒకటి చెయ్యి కలిపి ఉన్నాయన్నమాట. నిజంగానే అందులో నాలుగు ఆక్సిజన్లు రెండు పెరాక్సైడ్ జతలుగా ఉంటాయి, వాటికి −1 చొప్పున −4, మిగిలిన ఒక్కదానికి −2, మొత్తం −6. క్రోమియం +6. పరీక్షల్లో ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది.

ఇక బ్లీచింగ్ పౌడర్. పుస్తకంలో ఫార్ములా ప్రకారం ఒక కాల్షియం, ఒక ఆక్సిజన్, రెండు క్లోరిన్లు. మీరు కాల్షియంకి +2, ఆక్సిజన్‌కి −2 వేశారు, రెండూ చెల్లిపోయాయి, క్లోరిన్లకి సున్నా మిగిలింది. ఆ సున్నా రెండు క్లోరిన్ల సగటు. కానీ ఆ రెండూ ఒకేచోట, ఒకే తీరుగా లేవు. ఒకటి క్లోరైడ్ అయాను. అది మన ఉప్పులో ఉన్నట్టే −1. రెండోది ఆక్సిజన్‌తో బంధం కట్టుకుని హైపోక్లోరైట్ అయానుగా ఉంది. అక్కడ 3.5కి ఎదురుగా 3.0 కదా, కాబట్టి క్లోరిన్ ఒకటి ఇచ్చుకోవాలి: +1. ఒకటి ప్లస్, ఒకటి మైనస్, సగటు సున్నా. మీ సున్నా వచ్చింది అక్కడినుంచి. (బస్తాలో వచ్చే సరుకు నిజానికి కాల్షియం హైపోక్లోరైట్, క్లోరైడ్, సున్నం కలిసిన మిశ్రమం. పాఠంలోని ఫార్ములా దాన్ని తేలిక చేసి రాసింది. లెక్కకి అది చాలు.)

తేడా మీ చెరువు గట్టు మీదే కనిపిస్తుంది. రొయ్యపిల్ల వదిలేముందు నీళ్లలో బ్లీచింగ్ చల్లితే క్రిముల్ని చంపేది ఆ +1 క్లోరినే. అది ఎదుటివాటి నుంచి రెండు ఎలక్ట్రాన్లు లాక్కుని −1కి దిగిపోతుంది. −1 దగ్గరున్న క్లోరిన్‌కి ఇంక లాక్కోవాల్సిన అవసరం లేదు, అది ఉప్పులో ఉన్నట్టు ఊరికే ఉంటుంది. సంచి మూతి విప్పి నెలల తరబడి వదిలేసిన బ్లీచింగ్ పనిచెయ్యకపోవడానికి కారణం ఆ +1 క్లోరిన్ గాల్లోకి పోవడమో విరిగిపోవడమో జరగటమే. సగటు సున్నా అని రాసుకుని ఊరుకుంటే ఇందులో ఒక్క ముక్కా తెలియదు. అందుకే గైడు రెండు జవాబులిచ్చింది. అది సరిగ్గా చేసింది.

సగటు మోసం చేసే చోట్లు ఇంకా ఉన్నాయి. అమోనియం నైట్రేట్‌లో రెండు నైట్రోజన్లు, నాలుగు హైడ్రోజన్లు, మూడు ఆక్సిజన్లు. మొత్తంగా లెక్కేస్తే నైట్రోజన్‌కి +1 వస్తుంది. అలాంటి నైట్రోజన్ అందులో ఒక్కటీ లేదు. దాన్ని రెండు అయాన్లుగా విడగొట్టాలి: అమోనియంలో ఎక్స్ + 4 = +1, కాబట్టి −3. నైట్రేట్‌లో ఎక్స్ − 6 = −1, కాబట్టి +5. ఫార్ములాలో ఒకే మూలకం రెండుచోట్ల విడివిడిగా రాసి ఉంటే, అది మీకిస్తున్న సూచన అనుకోండి.

మన తీరంలో నల్ల ఇసుక చూసే ఉంటారు. అందులో అయస్కాంతానికి అంటుకుని వచ్చే రేణువుల్లో ముఖ్యమైనది మాగ్నటైట్. మూడు ఇనుములు, నాలుగు ఆక్సిజన్లు. లెక్క ప్రకారం ఇనుముకి 8/3. మూడోవంతు ఎలక్ట్రాన్ ఎవరూ ఇవ్వరు కాబట్టి, అందులో రెండు ఇనుములు +3, ఒకటి +2 అని అర్థం. పరీక్షలో ఏం రాయాలని అడుగుతారేమో. "సగటు ఆక్సీకరణ సంఖ్య 8/3, విడివిడిగా +2, +3, +3" అని రెండూ రాయండి, మార్కులు ఎక్కడికీ పోవు. పొటాషియం సూపర్ ఆక్సైడ్‌లో −½ మాత్రం వేరే రకం. అక్కడ రెండు ఆక్సిజన్లూ సరిసమానమే. ఉన్న ఒక్క అదనపు ఎలక్ట్రాన్ ఇద్దరిదీ కాబట్టి, ఒకదానికి సున్నా, ఒకదానికి −1 అని విడదీయకూడదు.

హేచరీల్లో, అంటే రొయ్యపిల్లల్ని పుట్టించే కేంద్రాల్లో, క్లోరిన్ విరగ్గొట్టడానికి వాడే సోడియం థయోసల్ఫేట్ గురించి పుస్తకాలు ఒక్కోటి ఒక్కో మాట చెబుతాయి. రెండు సల్ఫర్లకీ సగటు +2, అందులో తేడా లేదు. విడివిడిగా చెప్పాలంటే సల్ఫర్లు రెంటి మధ్య బంధాన్ని ఎలా గీశారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మీ పాఠ్యపుస్తకం ఏది చెబితే పరీక్షకి అది రాయండి, దీని మీద ఎక్కువ సేపు కూర్చోవద్దు.

మీవారి ప్రశ్నకి నేను మనసుపెట్టి జవాబివ్వాలనుకుంటున్నాను, ఎందుకంటే ఆయన అడిగింది న్యాయమైన మాట. చెరువు నీళ్లు ల్యాబుకి పట్టుకెళ్తే అమ్మోనియా ఇంత, నైట్రైట్ ఇంత అని కాగితం ఇస్తారు కదా. అమ్మోనియాలో మూడు హైడ్రోజన్లు +1 చొప్పున ఉన్నాయి, కాబట్టి నైట్రోజన్ −3. నైట్రైట్ అయానులో రెండు ఆక్సిజన్లకి −4, మొత్తం −1 రావాలి, కాబట్టి నైట్రోజన్ +3. ఇక్కడ సున్నాకి సమానం చేస్తే +4 వస్తుంది, అది తప్పు. అయాను మీదున్న మైనస్ మర్చిపోవడం వల్ల పోయే మార్కులు చాలా ఎక్కువ. నైట్రేట్‌లో +5. రొయ్యల విసర్జన నుంచి, మిగిలిన మేత కుళ్లి పుట్టిన అమ్మోనియాని నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియా నైట్రైట్‌గా, నైట్రోబాక్టర్ లాంటివి నైట్రేట్‌గా మారుస్తాయి. అంటే నైట్రోజన్ −3 నుంచి +3కి, అక్కడినుంచి +5కి ఎక్కుతుంది. మొదట ఆరు ఎలక్ట్రాన్లు, తరవాత రెండు, మొత్తం ఎనిమిది పోగొట్టుకుంటుంది.

అవి ఎక్కడికి పోతాయి? నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌కి. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు, ఒక్కోటి సున్నా నుంచి −2కి దిగుతుంది, అంటే ఒక అణువు నాలుగు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఎనిమిది తీసుకోవడానికి రెండు అణువులు కావాలి. నైట్రోజన్ పరమాణువు బరువు 14, రెండు ఆక్సిజన్ అణువులది 64. అరవై నాలుగుని పద్నాలుగుతో భాగించండి: 4.57. అమ్మోనియా రూపంలో ఉన్న ఒక కిలో నైట్రోజన్ పూర్తిగా నైట్రేట్ కావాలంటే చెరువులోంచి దాదాపు నాలుగున్నర కిలోల ఆక్సిజన్ పోతుంది. బాక్టీరియా తమ ఒంటికి వాడుకునేది పోను వాస్తవంలో కొంచెం తగ్గుతుంది, అంతే. మురుగు నీటి శుద్ధి కేంద్రాలు కట్టే ఇంజనీర్లు వాడే అంకె కూడా ఇదే. ఇది రాబట్టడానికి మీకు సమీకరణం తుల్యం చెయ్యాల్సిన పని కూడా పడలేదు చూశారా, మూడు ఆక్సీకరణ సంఖ్యలు చాలాయి. మేత ఎక్కువేస్తే ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఎందుకు ఎక్కువసేపు తిప్పాలో మీవారికి అనుభవం మీద తెలుసు. ఎంత ఎక్కువో మీరు కాగితం మీద చూపించగలరు.

బెల్లం సంగతి కూడా ఇలాగే. ప్రోబయోటిక్‌తో, అంటే మేలుచేసే బాక్టీరియాతో, కలిపి చెరువులో పోస్తారు కదా. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజ్: పన్నెండు కార్బన్లు, ఇరవై రెండు హైడ్రోజన్లు, పదకొండు ఆక్సిజన్లు. +22, −22 చెల్లిపోతాయి, కార్బన్‌కి సగటున సున్నా. అది కార్బన్ డయాక్సైడ్‌గా మారితే +4. ఒక్కో కార్బన్‌కి నాలుగు ఎలక్ట్రాన్లు, అంటే ఒక్కో ఆక్సిజన్ అణువు, మొత్తం పన్నెండు. సుక్రోజ్ బరువు 342, పన్నెండు ఆక్సిజన్ అణువులది 384. కిలో సుక్రోజ్ పూర్తిగా అరిగిపోతే కిలోకి పైగానే, సుమారు 1.12 కిలోల ఆక్సిజన్ తినేస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎలాగూ అడుగంటి ఉంటుంది. కాబట్టి కరెంటు నమ్మకం లేని రాత్రికి ముందు బెల్లం నీళ్లు పోయడం మంచిది కాదని నా అభిప్రాయం. ఇక్కడ కార్బన్ సంఖ్య సగటు అని, సుక్రోజ్‌లో పన్నెండూ ఒకేలా లేవని మీరు పట్టుకుని ఉంటారు. ఉన్న ఎలక్ట్రాన్లు మొత్తం ఎన్ని పోతాయో తెలుసుకోవడానికి మాత్రం సగటు చక్కగా సరిపోతుంది. సగటుని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో దీన్నిబట్టి చూసుకోండి. లెక్క మొత్తానికైతే నమ్మండి, ఒక్కో పరమాణువు స్వభావానికైతే నమ్మొద్దు.

అసలు కార్బన్ −4 నుంచి +4 వరకూ అన్ని మెట్లూ తిరుగుతుంది. మన కోనసీమ భూమిలోంచి తీసే సహజవాయువులో ప్రధానంగా ఉండే మీథేన్‌లో అది అట్టడుగున, −4 దగ్గర ఉంటుంది. మండితే ఒక్కసారిగా +4. ఎనిమిది ఎలక్ట్రాన్లు, రెండు ఆక్సిజన్ అణువులు, అమ్మోనియాకి వచ్చిన లెక్కే. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకు పైగా మండిన మంట మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత వేడి వచ్చింది ఆ ఎనిమిది మెట్లలోంచే.

చెరువు అడుగున నల్లమట్టి, కుళ్లిన కోడిగుడ్డు వాసన గురించి ఒక్క మాట. ఉప్పునీటిలో ఉన్న సల్ఫేట్‌లో సల్ఫర్ +6. అడుగున ఆక్సిజన్ లేనిచోట కొన్ని బాక్టీరియా ఆ సల్ఫేట్‌కే ఎలక్ట్రాన్లు ఇచ్చి హైడ్రోజన్ సల్ఫైడ్ చేస్తాయి, అందులో సల్ఫర్ −2. నల్లరంగు ఇనుప సల్ఫైడ్‌ది. వరిచేలో కూడా నీరు నిలిచి గాలి ఆడని మట్టిలో ఇదే దారి. అక్కడ నైట్రేట్ +5 నుంచి సున్నాకి దిగి నైట్రోజన్ వాయువై గాల్లోకి పోతుంది. అందుకే దమ్ము చేసిన చేలో నైట్రేట్ ఎరువు కంటే −3 దగ్గర ఉన్న నైట్రోజన్, అంటే యూరియా, అమోనియం ఎరువులు వాడతారు. బోరు నీళ్లు బిందెలో పట్టినప్పుడు తేటగా ఉండి కాసేపటికి ఎర్రబడితే, అది కరిగి ఉన్న +2 ఇనుము గాలి తగిలి కరగని +3 ఇనుముగా మారడం.

పర్మాంగనేట్ వదిలేశామనుకుంటారేమో. చెరువు నీళ్లలో వేస్తే ముందు ఊదారంగు, తరవాత గోధుమరంగు తేలుతుంది. ఊదాలో మాంగనీసు +7. గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్, అందులో +4. ల్యాబులో ఆమ్లం కలిపి చేస్తే రంగే పోతుంది, అప్పుడు +2. నిజమైన ఆవేశం కాకపోయినా ఈ సంఖ్య వల్ల ఉపయోగం ఇదీ: మూడు ఎలక్ట్రాన్లు తీసుకుందా, ఐదు తీసుకుందా అన్నది రంగు చూసి చెప్పగలం.

జవాబు పత్రంలో ఒక జాగ్రత్త. ఆక్సీకరణ సంఖ్యకి గుర్తు ముందు, అంకె తరవాత: +2. అయాను ఆవేశానికి అంకె ముందు, గుర్తు తరవాత: 2+. కొంతమంది పేపర్ దిద్దేవాళ్లు దీన్ని పట్టించుకుంటారు. మూలకం విడిగా ఉంటే, గాల్లో నైట్రోజన్ అయినా గంధకం ముద్ద అయినా, సున్నా అని మర్చిపోకండి. ఫెర్రస్, ఫెర్రిక్ అనే బదులు ఐరన్ (రెండు), ఐరన్ (మూడు) అని రోమన్ అంకెల్లో రాసే పద్ధతి జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ స్టాక్ 1919లో తెచ్చాడు. ఆ బ్రాకెట్లో అంకె ఆక్సీకరణ సంఖ్యే, కాబట్టి పేరు చూస్తేనే సగం లెక్క అయిపోతుంది.

సాధన కోసం మీ ఇంట్లో దొరికేవే నాలుగు ఇస్తున్నాను. డీఏపీలో (రెండు అమోనియంలు, ఒక హైడ్రోజన్, ఒక ఫాస్ఫరస్, నాలుగు ఆక్సిజన్లు) నైట్రోజన్, ఫాస్ఫరస్. యూరియాలో (ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు నైట్రోజన్లు, నాలుగు హైడ్రోజన్లు) కార్బన్, నైట్రోజన్. జింక్ సల్ఫేట్‌లో జింక్, సల్ఫర్. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లంలో రెండు కార్బన్లు విడివిడిగా. జవాబులు: డీఏపీలో −3, +5. యూరియాలో కార్బన్ +4, నైట్రోజన్ −3. ఇక్కడ ఫార్ములాలో తెలియనివి రెండు కాబట్టి ఒక్క సమీకరణంతో రాదు, నైట్రోజన్ 3.0, కార్బన్ 2.5 అన్న వరుస వాడాలి. జింక్ +2, సల్ఫర్ +6. అక్కడ సల్ఫేట్ అయానుని ముందు విడదీయండి. ఎసిటిక్ ఆమ్లంలో సగటు సున్నా. హైడ్రోజన్లు మూడున్న కార్బన్ −3, ఆక్సిజన్లు రెండున్నది +3. కార్బన్‌కి, కార్బన్‌కి మధ్య బంధం చెరిసగమే కాబట్టి దాన్ని లెక్కలోకి తేకండి.

వీటిలో ఏదైనా తేడా వస్తే మళ్లీ రాయండి. మీరు లెక్క చేసిన కాగితం కూడా జతచేసి పంపితే ఏ మెట్టు దగ్గర తప్పిందో చూసి చెబుతాను.